ట్రిపుల్ ఈలో నా మొదటి రెండేళ్లు

ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో కరెంటు పెద్దగా కనబడదు. మ్యాట్రిక్సులు, కాలిక్యులస్, సీ ప్రోగ్రామింగ్, ఇంగ్లీషు ల్యాబ్, డ్రాఫ్టర్ పట్టుకుని డ్రాయింగ్ హాలు, వీటితోనే నెలలు గడిచిపోతాయి. మనం చేరింది ఎలక్ట్రికల్‌లోనేనా అని మా క్లాసులో చాలామందికి అనుమానం వచ్చింది. కొంతమంది ఆ లెక్కల్ని ఎలాగోలా గట్టెక్కితే చాలనుకున్నారు. అసలు బ్రాంచ్ రెండో ఏడాదిలో మొదలవుతుందని సీనియర్లు కూడా అలాగే చెప్పారు. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నాను. నేను చూసినంతలో ఆ మాట నిజం కాదు. మొదటి ఏడాది లెక్కలే అసలు ఎలక్ట్రికల్. ఆ సంగతి నాకు కాలేజీలో సగం, మా మామ వైండింగ్ షాపులో సగం తెలిసింది.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాయన రొయ్యల చెరువులు కౌలుకు తీసుకుని చేస్తాడు. అమ్మ తమ్ముడు, అంటే మా మామకు, సెంటర్లో మోటారు వైండింగ్ షాపు ఉంది, కాలిన మోటార్లకు మళ్లీ రాగి తీగ చుట్టే షాపు. మా ఇంట్లో కరెంటు గురించిన మాటలన్నీ చెరువుల చుట్టూనే ఉండేవి. మన దేశంలో వెనామీ రొయ్యకు 2009లో అనుమతి ఇచ్చాక మా వైపు చెరువుల తీరే మారిపోయింది. పిల్లను ఒత్తుగా వదులుతారు, కాబట్టి నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు లేకపోతే పంట లేదు. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదే నాచు రొయ్యతో పాటు తనూ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోతే రొయ్య పైకి తేలుతుంది. అందుకని నాయన పంట మీదున్నన్నాళ్లూ రాత్రిళ్లు గట్టు మీదే, జనరేటర్ పక్కన పడుకునేవాడు.

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్ల దగ్గర చుట్టాలందరూ సీఎస్ఈ అన్నారు. "ట్రిపుల్ ఈ చదివితే స్తంభాలెక్కాలి కదా పాపా" అని మా పెద్దమ్మ నిజంగానే బాధపడింది. నాయన మాత్రం "నీకు ఏది అర్థమవుతుందో అదే పెట్టుకో" అన్నాడు. నాకు చిన్నప్పటి నుంచి ఒకటే ప్రశ్న ఉండేది. మూడు వైర్లు వెళ్లి ఒక ఇనుప డబ్బాలో కలిస్తే అది ఎందుకు తిరుగుతుంది? మామను అడిగితే "మూడు ఫేజులూ సరిగ్గా వస్తే తిరుగుద్ది" అనేవాడు. ఆ జవాబు నాకు చాలలేదు. మొదటి ఆప్షన్ ట్రిపుల్ ఈ పెట్టాను. కన్వీనర్ కోటాలో నెల్లూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. మా జిల్లాలో చాలా ఇంజనీరింగ్ కాలేజీల లాగే అదీ జేఎన్‌టీయూ అనంతపురం కిందే ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ ఇంగ్లీషు మీడియం. పేరుకే ఇంగ్లీషు, లెక్కలు బుర్రలో తెలుగులోనే నడిచేవి.

రెండో సెమిస్టర్‌లో సర్క్యూట్స్ మొదలైంది. మొదటి వారాల్లో ఓమ్ సూత్రం, కిర్చాఫ్ సూత్రాలు, వాటితో సర్క్యూట్‌ను లెక్కకట్టే మెష్, నోడల్ పద్ధతులు. ఓమ్ తన సూత్రాన్ని 1827లో అచ్చువేశాడు. కిర్చాఫ్ తన రెండు సూత్రాలను 1845లో ఇచ్చాడు. అప్పటికి ఆయన ఇంకా యూనివర్సిటీ విద్యార్థే, ఇరవై ఒక్కేళ్లవాడు. మా సర్క్యూట్స్ మేడమ్ ఈ మాట చెప్పిన రోజు క్లాసులో ఒక కదలిక వచ్చింది. మా వయసు కన్నా రెండు మూడేళ్లు పెద్దవాడు రాసిన రెండు వాక్యాల మీద ఇవాళ్టికీ ప్రపంచంలోని సర్క్యూట్లన్నీ లెక్క కడుతున్నారు. ఒక జంక్షన్‌లోకి ఎంత కరెంటు వస్తే అంతే బయటికి పోతుంది, ఒక లూప్ చుట్టూ తిరిగొస్తే వోల్టేజీల మొత్తం సున్నా. అంతే. మెష్ అయినా నోడల్ అయినా ఈ రెండిటినీ వరుసగా పేర్చడమే. పేర్చాక వచ్చే మూడు సమీకరణాల్ని మొదటి సెమిస్టర్‌లో నేర్చుకున్న మ్యాట్రిక్సులతో సాధిస్తాం. లెక్కలు నేరుగా కరెంటులోకి రావడం నేను మొదటిసారి చూసింది అక్కడే.

మేడమ్ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ బోర్డు మీద ఇంగ్లీషులో రాసేది, వివరంగా చెప్పాల్సిన చోట తెలుగులోకి వచ్చేది. "వోల్టేజీ అనేది ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడా. ఒక్క చోట వోల్టేజీ ఎంత అని అడక్కూడదు, దేనితో పోల్చి అని అడగాలి" అని ఆవిడ తెలుగులో చెప్పిన వాక్యం నాకు నోడల్ అనాలిసిస్ మొత్తాన్ని తెరిచింది. తెలుగులో చెబితే స్థాయి తగ్గుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను ఒప్పుకోను. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కాబట్టి మాటలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, కానీ ఆలోచన మనకు తెలిసిన భాషలో నిలబడాలి. ఐఐటీ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు నేనూ చూశాను, చాలా ఉపయోగపడ్డాయి. అయితే మేడమ్ తెలుగులో చెప్పింది విన్నాకే అవి బాగా ఎక్కాయి.

ఇక ల్యాబ్. సర్క్యూట్స్ ల్యాబ్‌లో ఒక ప్రయోగం నా చదువునే మలుపు తిప్పింది. బయటి నుంచి చూస్తే చాలా చిన్నది. ఒక రియోస్టాట్ (మార్చుకోగలిగే రెసిస్టెన్స్), ఒక చోక్ కాయిల్ (ఇనుము మీద చుట్టిన తీగచుట్ట), రెండిటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి, వోల్టేజీని పెంచి తగ్గించే వేరియాక్ ద్వారా 50 వోల్టుల ఏసీ, అంటే దిశ మారుతూ పారే కరెంటు ఇచ్చాం. రియోస్టాట్ మీద మీటరు 30 చూపించింది. చోక్ మీద 38 చూపించింది. 30, 38 కలిపితే 68. ఇచ్చింది 50. మా బ్యాచ్‌లో అందరం మీటరు పాడైందనుకున్నాం. మీటరు మార్చినా అవే రీడింగులు. కనెక్షన్లు విప్పి మళ్లీ కలిపాం, మళ్లీ అవే. లూప్ చుట్టూ వోల్టేజీల మొత్తం సున్నా కావాలని చెప్పిన కిర్చాఫ్ సూత్రం మా టేబుల్ మీదే తప్పిపోయినట్టు కనిపించింది. మేడమ్ వచ్చి చూసి, రికార్డులో ఉన్న ఫార్ములా చెప్పకుండా, "రెండూ ఒకే క్షణంలో పెద్దవి అవుతున్నాయా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

మా వీధుల్లోకి వచ్చే ఏసీ సెకనుకు 50 సార్లు పూర్తి చుట్టు తిరుగుతుంది. రియోస్టాట్‌లో కరెంటు ఎప్పుడు శిఖరానికి చేరితే వోల్టేజీ కూడా అప్పుడే చేరుతుంది. కాయిల్‌లో అలా కాదు. కరెంటు మార్పును కాయిల్ అడ్డుకుంటుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ఇండక్షన్ ఇదే. కరెంటు ఎంత వేగంగా మారుతుంటే కాయిల్ మీద వోల్టేజీ అంత ఎక్కువ. కరెంటు శిఖరం మీద ఉన్న క్షణంలో అది మారడం లేదు, కాబట్టి ఆ క్షణంలో కాయిల్ వోల్టేజీ సున్నా. కరెంటు సున్నా దాటే క్షణంలో దాని మార్పు అత్యంత వేగం, అప్పుడు కాయిల్ వోల్టేజీ శిఖరం. అంటే కాయిల్ వోల్టేజీ కరెంటు కన్నా పావు చుట్టు ముందు నడుస్తోంది. ఇద్దరు ఒకే బండకు తాళ్లు కట్టి ఒకరు తూర్పుకు, ఒకరు ఉత్తరానికి లాగితే వాళ్ల బలాల్ని మామూలుగా కూడలేం కదా, ఇదీ అంతే. 30, 38 లంబకోణంలో కూడితే 48.4 వస్తుంది. మిగతా కాస్త తేడా చోక్ వైరుకు సొంత రెసిస్టెన్స్ ఉండటం వల్ల. కిర్చాఫ్ సూత్రం ప్రతి క్షణానికీ నిజమే. మీటరు చూపించేది ఒక క్షణం విలువ కాదు, ఆర్ఎంఎస్ విలువ, అంటే చుట్టు మొత్తానికి తీసిన ఒకరకం సగటు. అంతే తేడా.

ఇక్కడే సంకీర్ణ సంఖ్యలు వస్తాయి. ఇంటర్ 2ఏలో డీమూవర్ సిద్ధాంతం, మైనస్ ఒకటి వర్గమూలం, ఆర్గాండ్ తలం అన్నీ చదివాం. ఎందుకు చదువుతున్నామో ఎవరూ చెప్పలేదు. ఆ మైనస్ ఒకటి వర్గమూలాన్నే ఎలక్ట్రికల్‌లో జె అంటాం. ఒక సంఖ్యను జె తో గుణిస్తే అది 90 డిగ్రీలు తిరుగుతుంది. కాయిల్ చేసేదీ అదే, 90 డిగ్రీలు తిప్పడం. అందుకని కాయిల్‌కు జె తో గుణించిన ఒక సంఖ్య రాస్తే, డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాయాల్సిన చోట మామూలు కూడిక, గుణకారం సరిపోతాయి. ఈ పద్ధతిని 1893లో షికాగో ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో స్టైన్‌మెట్జ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు తోటి ఇంజనీర్ల ముందు పెట్టాడు. అంతకుముందు ఏసీ సర్క్యూట్ లెక్క వేయడం ఎంత కష్టమో తెలియాలంటే ఒక ఆర్ఎల్‌సీ (రెసిస్టర్, కాయిల్, కెపాసిటర్ ఉన్న) సర్క్యూట్‌ను డిఫరెన్షియల్ ఈక్వేషన్‌తో ఒకసారి, జె తో ఒకసారి చేసి చూడాలి. రెండు పేజీల పని నాలుగు లైన్లలో తెగుతుంది. చేరబోయే పిల్లలకు నేను చెప్పేది ఏమిటంటే, సెలవుల్లో ఏదీ చదవకపోయినా సంకీర్ణ సంఖ్యల అధ్యాయం ఒక్కటి మళ్లీ చేయండి. పోలార్ రూపం నుంచి రెక్టాంగులర్‌కు, అక్కణ్నుంచి వెనక్కి, క్యాలిక్యులేటర్ మీద చెయ్యి ఆగకుండా రావాలి.

ఆ ఎండాకాలం సెలవుల్లో మామ షాపులో కూర్చున్నాను. ఆడపిల్ల వైండింగ్ షాపులో ఏంటని ఒకరిద్దరు అన్నారు. "మా పాప ఇంజనీరింగ్ చదువుతోంది, పని చూస్తా ఉంది" అని మామ గట్టిగానే చెప్పాడు. పంట కాలంలో షాపు ముందు కాలిన మోటార్లు వరసగా ఉంటాయి. 2 హెచ్‌పీ ఏరియేటర్ మోటార్లు, 5, 7.5 హెచ్‌పీ నీళ్ల మోటార్లు. మామ మూత విప్పి, లోపల కాయిళ్లను ఒక్క చూపు చూసి, ఎందుకు కాలిందో చెప్పేవాడు. "ఇది ఫేజ్ పోయి కాలింది. ఇది లో వోల్టేజీ. ఇది బేరింగ్ పట్టేసి." నేను పలకల మీద ఎక్కాలు చూసినట్టు చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎట్లా చెబుతున్నావు మామా అని అడిగితే దగ్గరికి పిలిచి చూపించాడు. లో వోల్టేజీకి గానీ, ఎక్కువ లోడుకు గానీ కాలిన మోటారులో కాయిళ్లన్నీ ఒకేలా నల్లబడతాయి. ఫేజ్ పోయి కాలిన మోటారులో కొన్ని కాయిళ్లు బొగ్గయిపోతాయి, కొన్ని వార్నిష్ మెరుపు కూడా పోకుండా ఎర్రగా, కొత్తవాటిలా ఉంటాయి. ఇంకో తేడా కూడా ఉంది. చిన్న ఏరియేటర్ మోటార్లలో మూడింట రెండొంతులు కాలి ఒక వంతు బాగుంటుంది. పెద్ద నీళ్ల మోటార్లలో మూడింట ఒక వంతు కాలి రెండు వంతులు బాగుంటాయి.

"అదెందుకు మామా, చిన్నదానికి ఒకలా, పెద్దదానికి ఒకలా?"

"అది మాత్రం నాకు తెలీదు పాపా. ముప్పై ఏళ్లుగా అట్నే చూస్తున్నా."

ఆ రాత్రి నోటుబుక్కు తీసి వేశాను. మా వైపు వచ్చే మోటార్లలో 3 హెచ్‌పీ వరకూ లోపల స్టార్ కనెక్షన్, ఆ పైవి డెల్టా. స్టార్ అంటే మూడు వైండింగుల ఒక్కో కొస మధ్యలో ఒకచోట కలవడం, డెల్టా అంటే మూడూ త్రికోణంలా కలవడం. స్టార్‌లో ఒక లైన్ పోతే మిగిలిన రెండు లైన్ల మధ్య రెండు ఫేజ్ వైండింగులు సిరీస్‌లో పడతాయి. మూడో వైండింగ్‌కు దారి లేదు, దానిలో కరెంటు సున్నా. అందుకే రెండు వంతులు కాలి ఒకటి బతుకుతుంది. డెల్టాలో ఒక లైన్ పోతే, మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా ఒక వైండింగ్ ఉంటుంది. దానికి సమాంతరంగా మిగతా రెండు వైండింగులు సిరీస్‌లో ఉంటాయి. ఒక్కో వైండింగ్ కరెంటుకు పెట్టే అడ్డును జెడ్ అనుకుంటే, ఒక దారిలో అడ్డు జెడ్, ఇంకో దారిలో 2 జెడ్. అడ్డు తక్కువున్న దారిలో కరెంటు ఎక్కువ పోతుందనే కరెంట్ డివిజన్ ప్రకారం లైన్ కరెంటులో మూడింట రెండు వంతులు ఆ ఒక్క వైండింగ్‌లో, ఒక వంతు మిగతా రెండిట్లో పోతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. అందుకే డెల్టాలో ఒక వంతే కాలుతుంది. మోటారు తిరుగుతున్నప్పుడు లెక్క ఇంకాస్త మారుతుంది, రివర్స్‌లో తిరిగే అయస్కాంత క్షేత్రం కూడా చూడాలి, అది రెండో ఏడాదిలో తెలిసింది. కానీ నిలబడిపోయి హుమ్మని మూలిగే మోటారుకు ఈ లెక్క చాలు. సర్క్యూట్స్ మొదటి వారాల్లో చెప్పే కరెంట్ డివిజన్, బొగ్గయిన కాయిళ్ల రూపంలో నా కళ్ల ముందు ఉంది.

మర్నాడు మామకు చెప్పాను. టీ తాగుతూ విన్నాడు. కాగితం మీద స్టార్, డెల్టా తనే గీసి, వేలితో దారి వెంట నడిచి చూసుకున్నాడు. "ఇంతేనా!" అన్నాడు. తర్వాత షాపుకొచ్చిన ఇద్దరు రైతులకు తనే వివరించాడు. మామ పదో తరగతి కూడా పూర్తి చేయలేదు, కానీ ఆ రోజు ఆయన ముఖంలో చూసిన సంతోషం నాకు ఏ సెమిస్టర్ ఫలితాల్లోనూ కనిపించలేదు. నేను కాలేజీలో నేర్చింది ఆయనకు తెలియంది కాదు, ఆయన కంటితో చూసిందానికి కారణం. ఆయనకు తెలిసింది నాకు తెలియదు. కాయిల్ చేత్తో చుట్టి స్లాటులో కూర్చోబెట్టడం, ఇన్సులేషన్ కాగితం మడత, వార్నిష్ పోసి ఆరబెట్టడం, ఇవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నా. రెండో ఏడాదిలో వైండింగ్ డయాగ్రమ్‌లు గీసేటప్పుడు కాయిల్ పిచ్, స్లాటు లాంటి మాటలు నాకు చేతి గుర్తుగా ఉన్నాయి.

రెండో ఏడాది మెషీన్లు. డీసీ మెషీన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, తర్వాత ఇండక్షన్, సింక్రనస్. నా అభిప్రాయం చెప్పాలంటే డీసీ మెషీన్లకు మా ల్యాబ్‌లో ఇస్తున్న సమయం చాలా ఎక్కువ. త్రీ పాయింట్ స్టార్టర్ నెమ్మదిగా జరపడం, షంట్ జనరేటర్ వోల్టేజీ బిల్డప్, స్విన్‌బర్న్ టెస్ట్, అన్నీ బాగున్నాయి, పునాది కూడా. కానీ నెల్లూరు జిల్లా మొత్తం తిరిగినా పొలాల్లో, చెరువుల్లో, రైసు మిల్లుల్లో కనిపించేవి దాదాపు అన్నీ త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటార్లే. టెస్లా 1888లో పేటెంట్ తీసుకున్న మోటారు అది. దానికి ల్యాబ్‌లో ఇంకో రెండు మూడు ప్రయోగాలు ఎక్కువ ఉంటే పిల్లలకు మేలు. ముఖ్యంగా లో వోల్టేజీలో మోటారు ఎలా ప్రవర్తిస్తుందో కొలిచి చూపించే ప్రయోగం ఒకటి ఉండాలి.

మూడు వైర్లు వెళ్లి డబ్బాలో కలిస్తే ఎందుకు తిరుగుతుందనే నా ప్రశ్నకు జవాబు ఇండక్షన్ మెషీన్ల క్లాసులో దొరికింది. చుట్టూ 120 డిగ్రీల దూరంలో మూడు వైండింగులు, సమయంలో 120 డిగ్రీల తేడాతో మూడు కరెంటులు. ఒక్కొక్క వైండింగ్ క్షేత్రం ఉన్నచోటే పెరిగి తగ్గుతుంది. మూడిటినీ కలిపితే మాత్రం ఒకే బలంతో, ఆగకుండా చుట్టూ తిరిగే క్షేత్రం వస్తుంది. కాగితం మీద మూడు కొసైన్లు రాసి కూడితే చాలు, ఇంటర్ త్రికోణమితి సరిపోతుంది. 50 హెర్ట్జ్‌కు నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉంటే ఆ క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. మోటారు నేమ్ ప్లేట్ మీద 1440 అని ఉంటుంది. ఆ తగ్గిన 60 చుట్లే మోటారును నడిపించేది. రోటరు, అంటే లోపల తిరిగే భాగం కూడా 1500 తిరిగితే దానికి క్షేత్రం నిలబడి ఉన్నట్టే, అప్పుడు దానిలో వోల్టేజీ పుట్టదు, కరెంటు పారదు, టార్క్ రాదు. నేమ్ ప్లేట్ మీద ఆ అంకె నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఇన్నాళ్లకు దాన్ని చదవగలిగాను.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70. మిడ్స్‌కు ముందు రాత్రి చదివితే పాస్ అవుతారు, కానీ సర్క్యూట్స్ అలా చదివినవాళ్లు మెషీన్లలో ఇబ్బంది పడటం నేను చూశాను. ఈ బ్రాంచ్‌లో ఒక సబ్జెక్టు మీద ఇంకోటి నిలబడుతుంది. రికార్డు నిరుటి బ్యాచ్ రీడింగులు చూసి రాసుకోవడం కూడా వద్దు. రీడింగ్ అనుకున్నట్టు రాకపోతేనే నేర్చుకునేది ఏదో ఉందని అర్థం. ల్యాబ్‌లో కనెక్షన్ వైర్లు (ప్యాచ్ కార్డులు) ఎప్పుడూ ఒక్కరే కలిపి మిగతావాళ్లు నిలబడి చూసే బ్యాచ్‌లు ఉంటాయి. అమ్మాయిలు ముఖ్యంగా కనెక్షన్ మీ చేతులతో ఇవ్వండి, అడిగి మరీ ఇవ్వండి.

రెండో ఏడాదిలో ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గరున్న దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రానికి తీసుకెళ్లారు. ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. టర్బైన్ హాల్లో నిలబడితే కాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంటుంది. రెండు పోల్స్, 50 హెర్ట్జ్, కాబట్టి నిమిషానికి 3000 చుట్లు. అంత పెద్ద యంత్రానికీ మామ షాపులో మోటారుకూ ఒకటే ఫార్ములా. అక్కడి నుంచి కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద బయటికి వెళుతుంది. ఎందుకంత ఎక్కువ వోల్టేజీ అనే ప్రశ్నకు జవాబు మా చెరువు గట్టు మీదే దొరికింది.

మా గట్టు మీద 12 ఏరియేటర్లు, ఒక్కోటి 2 హెచ్‌పీ. ట్రాన్స్‌ఫార్మర్ 700 మీటర్ల దూరంలో రోడ్డు పక్కన ఉండేది. ఏటా పంట మధ్యలో రెండు మూడు మోటార్లు కాలేవి. కాయిళ్లన్నీ ఒకేలా నల్లగా. లో వోల్టేజీ అని మామ ఎప్పుడో చెప్పాడు. మోటార్ల కంపెనీ మారుస్తూ వచ్చాడు నాయన. మా లైన్‌మన్ అన్నను బతిమాలి, సాయంత్రం అన్నీ నడుస్తున్నప్పుడు కొలిపించాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫేజ్‌కు ఫేజ్‌కు మధ్య దాదాపు 415 వోల్టులు. వైరు విప్పకుండా కరెంటు కొలిచే టంగ్ టెస్టర్‌తో లైన్‌లో 40 ఆంపియర్లు. గట్టు మీద స్టార్టర్ల దగ్గర 370. లైన్‌కు వేసిన సన్నటి వైరు రెసిస్టెన్స్ కిలోమీటరుకు సుమారు ఒక ఓమ్. 700 మీటర్లకు 0.7. దాన్ని 40తో గుణిస్తే ఫేజ్‌కు 28 వోల్టులు, లైన్ వోల్టేజీలోకి మార్చడానికి రూట్ 3తో గుణిస్తే 48. 415లో 48 తీసేస్తే 367. కొలిచింది 370. కాగితం మీది లెక్క, గట్టు మీది మీటరు ఇంత దగ్గరగా వచ్చాయంటే నాకు కొద్దిసేపు మాట రాలేదు.

వోల్టేజీ తగ్గినా ఏరియేటర్ చక్రం తిప్పాల్సిన నీళ్లు తగ్గవు. లోడ్ అదే. కాబట్టి మోటారు తక్కువ వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాగుతుంది. 415 బదులు 367 ఇస్తే కరెంటు 13 శాతం దాకా పెరుగుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 28 శాతం ఎక్కువ. రాత్రంతా, నెలల తరబడి. కాలక ఏమవుతుంది? పైగా ఎక్కువ కరెంటు లాగితే లైన్‌లో డ్రాప్ ఇంకా పెరుగుతుంది. తప్పు మోటార్లది కాదు, దూరానిది. విద్యుత్ కేంద్రం నుంచి 400 కిలోవోల్టులు ఎందుకో ఇక్కడ అర్థమైంది. అదే పవర్‌ను ఎక్కువ వోల్టేజీలో పంపితే కరెంటు తగ్గుతుంది, వైరులో పోయేది తగ్గుతుంది. మా గట్టుకూ అదే మందు. 11 కిలోవోల్టుల లైన్‌ను చెరువుల దాకా లాగి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తేవాలి.

నాయనకు, పక్క చెరువుల రైతులకు గట్టు మీదే కూర్చుని ఈ లెక్క చెప్పాను. ఏటా వైండింగుకు పెడుతున్న డబ్బులు వాళ్లే వేసుకున్నారు. అందరూ కలిసి కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఎస్టిమేట్ డబ్బు కట్టారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మా గట్టుకు 150 మీటర్ల దూరంలో పెట్టారు. ఇప్పుడు అన్ని ఏరియేటర్లూ తిరుగుతున్నప్పుడు కూడా స్టార్టర్ దగ్గర 400 తగ్గడం లేదు. మొన్నటి పంటలో మా గట్టు నుంచి లో వోల్టేజీకి కాలిన మోటారు మామ షాపుకు వెళ్లలేదు.

ఇప్పుడు పవర్ ఫ్యాక్టర్, అంటే లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, దాని లెక్క మొదలుపెట్టాను. మా మోటార్లన్నీ కలిపి 36 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ సుమారు 0.8. దాన్ని 0.95కు తేవాలంటే మొత్తం 9 కేవీఏఆర్ (మోటారు అయస్కాంత క్షేత్రం కోసం వచ్చి పోయే పవర్‌కు కొలత) దాకా కెపాసిటర్లు కావాలి, మోటారుకు ముప్పావు కేవీఏఆర్ చొప్పున. అయితే మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకునే కేవీఏఆర్ కన్నా కెపాసిటర్ పెద్దది కాకూడదు. పెద్దదైతే స్విచ్ తీసేశాక కూడా మోటారు తిరుగుతూనే జనరేటర్‌లా మారి వోల్టేజీ పెరిగే ప్రమాదం ఉంది. సింక్రనస్ మెషీన్ల సార్ ఈ విషయం గట్టిగా చెప్పారు. అందుకని కెపాసిటర్లు కొనేముందు ఒక ఏరియేటర్ మోటారును చక్రం విప్పి ఉత్తగా తిప్పి, ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో చూడాలి. టంగ్ టెస్టర్ ఇస్తానని లైన్‌మన్ అన్న చెప్పాడు. ఈ ఆదివారం మామ షాపులో ఆ పని పెట్టుకున్నాం.